క్రెడిట్ అంటే అప్పు కాదు

మా ఆవిడ ఇజ్రాయెల్ నుంచి తిరిగొచ్చిన కొత్తలో ఇంట్లో చుట్టంలా తిరిగేది. గ్లాసు ఎక్కడుందో, పోపుడబ్బా ఎక్కడుందో నన్నడిగేది. ఆమె లేని అన్నేళ్లూ వంటిల్లు నాదే కాబట్టి నేనూ కాస్త దర్జాగానే చూపించేవాణ్ణి. పప్పులో ఉప్పు తక్కువైందంటే మాత్రం నాకు ఒళ్లు మండేది. ఆ పప్పు తినే కదా నేను బతికింది!

అక్కడ ఆమె ఒక ముసలావిడను చూసుకునేది. స్నానం చేయించడం, మందులేయడం, చేయి పట్టుకుని నడిపించడం. ఆ ఇంటివాళ్లు జీతం కాక నెలనెలా మా ఆవిడ పేరు మీద పింఛన్ కోసమని కొంత జమ చేసేవారు. పని మాని దేశం విడిచాకే అది చేతికొస్తుందట. ముసలావిడ పోయింది, మా ఆవిడ ఇంటికొచ్చేసింది. అక్కడి సర్కారు తన పన్ను కోసుకుని మిగతా సొమ్ము పంపింది.

"పింఛన్ వచ్చిందక్కా" అని ఫోన్లో చెబితే వాళ్లక్క నవ్వింది. "నీకప్పుడే పింఛనేందే? నా అసొంటి ముసల్దానికే ఇంక రాలే!"

ఏడాది తిరిగి ఇన్‌కం టాక్సు రిటర్ను వేసే రోజులొచ్చాయి. ఆ సొమ్ము ఇక్కడా చూపించాలని తెలిసి, ఇద్దరం బోధన్‌లో బస్సెక్కి నిజామాబాద్ వెళ్లాం. టాక్సు పనులు చూసే భాయ్ సాబ్ ఆఫీసు మేడ మీద. చాయ్ చెప్పి, కాగితాలన్నీ నిదానంగా చూశాడు.

"చెల్లె, గీ పైసలు ఈడ గూడ చూపియ్యాలె. ఆడ కట్టిన టాక్సుకు ఈడ క్రెడిట్ తీసుకుందాం. ఫికర్ చెయ్యకు."

మా ఆవిడ కుర్చీలోంచి లేచింది. "క్రెడిట్ వద్దన్నా. మొత్తం కట్టేస్త. గది మాత్రం వద్దు."

"ఒక్కదానికి రెండుసార్లు ఎవలన్న కడ్తరే? తల తిరుగుతుందా?" అని కసిరాను. ఆమె బయటికి నడిచింది. చాయ్ చల్లారుతుందని గొణుక్కుంటూ వెనకాల వెళ్తే, మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

"క్రెడిటంటే అప్పే గద" అంది, నా వైపు చూడకుండా. "మళ్ల అప్పు జేస్తే మళ్ల నన్నే పంపిస్తవు."

మా ఇంట్లోకి ఆ మాట రైతు క్రెడిట్ కార్డుతోనే వచ్చింది. చెరకుకని, బోర్లకని ఆ కార్డు మీద అప్పు తెచ్చాం. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అప్పు మాత్రం పెరిగింది. ఇజ్రాయెల్‌లో ఆడవాళ్లకు పని దొరుకుతుందని తెలిసి, ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాకే ఆమె వెళ్లింది. నాకలాగే గుర్తుంది. ఆమె 'పంపిస్తవు' అంది.

నాకు ఏడుపొచ్చేసింది. మెట్లెక్కి వచ్చేవాళ్లు చూస్తున్నా ఆగలేదు.

"యాడికీ పంపనే. నువ్వు పోతనన్నా పోనియ్య."

"పోతనని నేనెప్పుడన్న అన్ననా?" అంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

లోపలికొచ్చి కూర్చున్నాక విషయం చెబితే భాయ్ సాబ్ నవ్వలేదు. చాయ్ మళ్లీ తెప్పించాడు.

"అప్పు గాదు చెల్లె. ఈడ కట్టాల్సిన దాంట్లకెల్లి ఆడ కట్టింది తీసేస్తరు, గంతే. నువ్వు ఎవ్వలకీ బాకీ ఉండవు."

"గట్ల అందరికీ తీసేస్తరా?"

"అందరికీ గాదు. ఈడ ఉండేటోళ్లకే. నువ్వు ఈడి మనిషివని, రెసిడెంటని రాయాలె. పాస్‌పోర్టు చూసిన, నువ్వు వచ్చిన తారీఖు సంది ఈడ ఉన్న రోజులు దానికి సరిపోతయి."

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "అయితే ముందుగాల గదే రాయన్నా. రాసి నాకు చూపియ్యి."

ఆయన రాసి, కంప్యూటర్ ఆమె వైపు తిప్పి, 'రెసిడెంట్' అన్న మాట దగ్గర వేలు పెట్టాడు. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చదివి నా మోచేయి పట్టి దగ్గరికి లాగింది.

"నువ్వు గూడ సదువు" అంది.