తిరుగు గంట

ఇంటర్‌లో మహిమకు ఫ్రెంచ్‌లో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. అప్పటికి ఆమె ఒక్క ఫ్రెంచ్ వాక్యం కూడా నోరు తెరిచి మాట్లాడి ఎరగదు. ఆమె చదివిన కాలేజీలో రెండో భాషగా సంస్కృతమో ఫ్రెంచో ఇచ్చేది మార్కుల కోసమే. జవాబులు బట్టీ పట్టిస్తే సరిపోతుంది. ఆ మార్కులు చూసుకునే హైదరాబాద్‌లో బి.ఏ. ఫ్రెంచ్‌లో చేరింది. మొదటి రోజు టీచర్ ఫ్రెంచ్‌లో ఆమె పేరు అడిగితే నోరు పెగల్లేదు. మూడేళ్లలో చదవడం, రాయడం బాగానే వచ్చాయి. ఎదురుగా మనిషి మాట్లాడితే మాత్రం అరచేతులకు చెమట పట్టడం పోలేదు.

సొంతూరు నస్పూర్‌లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. "ఫ్రెంచ్ దొరలు దిగినా మా బిడ్డ జవాబు చెప్తది" అని ఆమె తండ్రి యెషయా చర్చి మెట్ల మీద అందరికీ చెప్పేవాడు.

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం పెద్దపల్లి పక్క ఊరి నుంచి, వరసకు మేనత్త అయ్యే కొమురవ్వ వచ్చి వాకిట్లో ఆటో దిగింది. ఆమె భర్త కొండల్ బోరుబండి పనికి ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో వెళ్లి ఐదు నెలలైంది. ఆ రోజే ఇనుప పైపు జారి అతని కాలి మీద పడింది. ఎముక బయటికి వచ్చింది, స్పృహ లేదు. డాక్టర్‌కు ఫ్రెంచ్ తప్ప రాదు. పక్కనున్న తోటి పనివాడు సాగర్‌కు తెలుగు, హిందీ తప్ప రావు.

"డాక్టరు ఏదో అడుగుతుండంట బిడ్డా. సాగర్‌కు సమజైతలేదు. జర నువ్వు మాట్లాడు."

"నాకు గంత మంచిగ రాదు అత్తమ్మా."

"తొంభై ఎనిమిది మార్కులని మీ బాపు ఊరంత చెప్పిండు గద!"

యెషయా నేల చూశాడు.

సాగర్ వీడియో కాల్‌లో ఫోన్‌ను డాక్టర్ వైపు తిప్పాడు. డాక్టర్ గబగబా మాట్లాడాడు. సగమే అందింది. తను తప్పు చెబితే ఈ గదిలో పట్టుకునేవాళ్లు లేరు. తప్పు బయటపడేది అక్కడ, ఆపరేషన్ బల్ల మీద.

యెషయా ముప్పై ఏళ్లు బొగ్గుబావి అడుగున గంట కొట్టిన మనిషి. మనుషులున్న పంజరాన్ని పైకి లాగమని కింది నుంచి ఆయన గంట కొడితే, పైన మిషను నడిపేవాడు సరిగ్గా విన్నట్టు గుర్తుగా అదే గంట తిరిగి కొట్టాలి.

"తిరుగు గంట రాకముందు పంజరం కదిలేదా?" అని మెల్లగా అడిగాడు.

"లేదు బాపు."

"మరి నువ్వెందుకు ఉరుకుతున్నవ్?"

మహిమ డాక్టర్‌ను ఆగమంది. ఒక్కో వాక్యం చెప్పించుకుని, తిరిగి ఆయనకే వినిపించింది. ఆయన తలూపాకే తర్వాతిది. వెంటనే ఆపరేషన్ చేయాలి. అంతకుముందు ఒక్కటి తెలియాలి: ఇతనికి ఏమైనా జబ్బులున్నాయా, మందులు వాడుతున్నాడా?

"ఏం లేవు. గట్టి మనిషి," అంది కొమురవ్వ. ప్రశ్న పూర్తి కాకముందే అంది.

మహిమ ఫోన్ వైపు తిరగబోయి ఆగింది.

"అత్తమ్మా, నీ మాట మళ్ల నీకే చెప్తున్న. కొండల్ మామకు ఏ రోగం లేదు. ఏ గోలీ ఎయ్యడు. గిదే డాక్టరుకు చెప్తా. ఇన్నంక ఆయన కోస్తడు."

కొమురవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏజెంటు చెప్పద్దన్నడు బిడ్డా. తెలిస్తే వాపస్ పంపుతరట. నిరుడు గుండెకు స్టెంట్ ఏసిండ్రు. నెత్తురు పల్చగయ్యే గోలీలు రోజూ ఏస్తడు. మెడికల్ పరీక్షకు ఆయన పేరు మీద మా మరిది పోయిండు."

మహిమకు ఆ మందుల మాట ఫ్రెంచ్‌లో గుర్తు రాలేదు. చిన్నపిల్లలా చిన్న చిన్న వాక్యాలే చెప్పింది. గుండె జబ్బు. రోజూ మందు. కోస్తే రక్తం ఆగదు. ఈసారి డాక్టరే ఆ మాటలు తిరిగి చెప్పాడు. ఆమె తలూపింది. ఆయన వెనక్కి తిరిగి ఎవరినో కేకేశాడు. ఫోన్ తెగిపోయింది.

మూడున్నర గంటలు ఎవరూ కూర్చోలేదు.

మళ్లీ మోగినప్పుడు తెర మీద డాక్టరే ఉన్నాడు. ఏదో చెప్పాడు. కొమురవ్వ ఆమె భుజం పట్టి ఊపుతున్నా మహిమ ఇటు చూడలేదు. ఆ మాటలే తిరిగి అప్పజెప్పింది. ఆయన తలూపాడు. అప్పుడు కొమురవ్వ వైపు తిరిగింది.

"మనిషున్నడు అత్తమ్మా. కాలున్నది."

ఇప్పుడు మహిమ హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో, ఆఫ్రికా నుంచి వచ్చే రోగులకు దుబాసీ. అరచేతుల చెమట తగ్గలేదు. రుమాలు వెంట ఉంచుకుంటుంది.