వాసన చూడని మూట

మామిడి సీజన్ అయ్యాక తోటల్లో, షెడ్లలో మిగిలిన ప్లాస్టిక్‌ను మా సంఘం ఆడవాళ్లం పోగుచేస్తాం. కడిగి, ఆరబెట్టి, డ్రమ్ములో కరిగించి, ఇసుక కలిపి అచ్చుల్లో పోస్తే ఇటుకలవుతాయి. అంగన్‌వాడీ వంటగది గోడకు మా ఇటుకలు కావాలని మొదటిసారి అడిగారు. ఆ రోజు ఆఖరి వాయి పొయ్యి మీద ఉంది.

నాది కడిగే పని. ఇదివరకు ప్రతి మూటా విప్పి, చెయ్యిపెట్టి కెలికి, వాసన చూసేదాన్ని. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటినుంచి మూటకు కట్టిన చీటీ చదివి ఊరుకునేదాన్ని. ఆ రోజు రెడ్డిగూడెం వైపు షెడ్డు నుంచి వచ్చిన మూటకు ‘కవర్లు’ అని చీటీ ఉంది. కూడబలుక్కుని చదివి, అలాగే తొట్టిలో కుమ్మరించాను.

నీళ్లు బుసబుసమన్నాయి. తెల్లటి నురగ పైకి లేచింది. వెల్లుల్లి వాసన గుప్పుమంది.

ఆ వాసన నాకు తెలుసు. కాయ మాగబెట్టడానికి కొందరు దొంగచాటుగా పెట్టే కార్బైడ్ పొట్లాలవి. తడి తగిలితే గ్యాస్ వస్తుంది, దానికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పది అడుగుల దూరంలో, అదే రేకుల కింద, మా తోడికోడలు పొయ్యి ముందు నిలబడి డ్రమ్ము కలుపుతోంది. గాలి అటే వీస్తోంది.

“పొయ్యి ఆర్పెయ్యవే!”

“ఇప్పుడా? గడ్డకడితే అచ్చులోకి దిగుద్దా అక్కా? ఒక్క పావుగంట...”

“తొట్టిలో కార్బైడ్ పడిందే!”

ఆమె గరిట వదిలేసి నీళ్ల బకెట్ అందుకుంది.

“నీళ్లొద్దు! కరిగిందాని మీద పడితే మొహాన చిమ్ముద్ది. ఇసుక పోసెయ్, ఇసుక!”

ఇటుకల కోసం జల్లించి పెట్టిన ఇసుకను ఇద్దరం దోసిళ్లతో పొయ్యిలోకి తోశాం. మంట అణిగింది. నిప్పులు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి. వెనక తొట్టి బుసకొడుతూనే ఉంది. నేను తిరిగి చూడలేదు.

“అదిగో, ఆ మూల ఇంకా ఎర్రగా కనిపిస్తుందక్కా.”

ఆ ఎరుపు కూడా కప్పేసి, ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు అవతలికి లాక్కెళ్లాను. తొట్టిలో బుస ఆగేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

“మూట విప్పి చూళ్లేదా?” అంది చివరికి.

“చీటీ చదివాను.”

“చదువు రానప్పుడే నయం నువ్వు. ముక్కుతో చూసేదానివి.”

డ్రమ్ములో ప్లాస్టిక్ రాయిలా బిగుసుకుపోయింది. వంటగది గోడ వారం ఆలస్యమైంది.

చీటీలు ఇప్పుడూ చదువుతాను. చదివాక మూటను పొడి నేల మీద విప్పి, వంగి ముక్కు పెడతాను.