పద్దెనిమిది గీతలు

పెనుకొండలో బెంగళూరు రోడ్డు పక్కన ఏసుదాసు షెడ్డు పెట్టి ముప్పై రెండేళ్లయింది. ట్రాక్టరు ఇంజను విప్పాలన్నా బిగించాలన్నా చుట్టుపక్కల రైతులకు అతని చేతి మీదే గురి. ఆ చేతులు యాభై ఎనిమిదో ఏట వణకడం మొదలుపెట్టాయి. మొదట కుడి బొటనవేలు, తర్వాత చెయ్యంతా, ఏడాది తిరిగేసరికి ఎడమది కూడా. టీ గ్లాసు సగానికి మించి పోయించుకోవడం మానేశాడు. నట్టు మీద స్పానరు పెట్టబోతే అది పక్కనున్న ఇనుముకు తగిలి టకటకలాడేది.

"మాత్రలతో కొంచెం నిదానిస్తాది. పూర్తిగా పోయే వణుకు కాదు పెద్దాయనా," అన్నాడు హిందూపురంలో నరాల డాక్టరు.

షెడ్డులో పనివాళ్లు ఒక్కొక్కరే వేరే చోటికి వెళ్లిపోయారు. అప్పుడు అతని భార్య పుల్లమ్మ కొంగు నడుముకు చుట్టుకుని షెడ్డులోకి వచ్చింది. "నువ్వు చెప్పు, నేను తిప్పుతా," అంది. స్పానర్ల నంబర్లు నేర్చుకోవడానికి ఆమెకు నాలుగు నెలలు కూడా పట్టలేదు.

నిరుడు ఎండాకాలంలో రొద్దం వైపు నుంచి గంగాధర అనే రైతు తన ట్రాక్టరును ఇంకో బండికి కట్టి లాక్కొచ్చాడు. వాళ్ల నాయన కొన్న బండి. ఇంజను దిమ్మ నిలువునా పగిలింది. ఆ రకం ఇంజన్లు తయారు కావడం ఆగిపోయి చాలా కాలమైంది.

"గేరుబాక్సు రాయిలా ఉండాది," అన్నాడు ఏసుదాసు బండి చుట్టూ తిరిగి. "దీనికి వేరే ఇంజను ఎక్కిస్తాం. ధర్మవరంలో చీరల మూటలు తోలిన చిన్న లారీ ఒకటి మూలబడి ఉండాది. దాని ఇంజను ఇంకా అరగలేదు."

గంగాధర అతని చేతుల వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "నీకు కష్టం కాదా అన్నా?"

"తల నాది, చేతులు ఆమెవి. నువ్వేం దిగులు పడొద్దు."

లారీ ఇంజనూ ట్రాక్టరు గేరుబాక్సూ ఒకదానికొకటి అతకవు. నడుమ మందపాటి ఇనుప ప్లేటు కోసి పెట్టాలి. ఇంజను నడిమధ్యా, గేరుబాక్సు షాఫ్టు నడిమధ్యా సరిగ్గా ఎదురుబొదురుగా రావాలి. కాస్త పక్కకు జరిగినా తిరిగే కొద్దీ దెబ్బలు తిని షాఫ్టు విరుగుతుంది. ఆ తేడా కొలవడానికి చేతి గడియారమంత గేజీ ఒకటి ఉంది. దాని ముల్లు పది గీతలకు లోపల ఆడితేనే బోల్టులు బిగించాలని పుల్లమ్మకు అతనే నేర్పాడు.

మొదటిసారి ముల్లు ముప్పై దాటింది. విప్పారు. రెండోసారి ఇరవై రెండు. మళ్లీ విప్పారు. మూడోసారి ప్లేటు జారి పుల్లమ్మ చూపుడువేలు మీద పడింది. గోరు ఊడిపోయింది. ఆమె గుడ్డ చుట్టుకుని, అదే చేత్తో గేజీ పెట్టింది.

"పద్దెనిమిది కాడికి పోయి వస్తాంది," అంది.

ఏసుదాసు గేజీని చూడలేదు. ఆమె వేలికున్న గుడ్డనే చూశాడు. నెత్తురు బయటికి ఊరుతోంది.

"చాలు. బిగించు."

"పదికి లోపల ఉండాలంటివే?"

"చాలంటి కదా పుల్లమ్మా. బిగించు."

ఆమె కాసేపు అతని ముఖంలోకి చూసి, స్పానరు అందుకుంది.

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. గంగాధర టెంకాయ కొట్టి, నవ్వుకుంటూ బండి తోలుకుపోయాడు. పన్నెండు రోజులకు మొదటి వాన పడింది. చెనిక్కాయ విత్తడానికి గొర్రు కట్టి, మూడెకరాలు వేశాడు. ఇంకా నాలుగెకరాలుండగా ఏసుదాసుకు ఫోను చేశాడు.

"అన్నా, ఇంజను తిరుగుతాంది, చక్రం కదలడం లేదు."

ఏసుదాసుకు విషయం ఆ మాటతోనే తెలిసిపోయింది. భార్యాభర్తలిద్దరూ ఆటోలో చేను దగ్గరికి పోయారు. పుల్లమ్మ విప్పి చూస్తే షాఫ్టు రెండు ముక్కలై ఉంది.

"పాత షాఫ్టు కదన్నా, ఎన్నేండ్లు తిరిగిందో," అన్నాడు గంగాధర. "నీ తప్పేముండాది?"

తిట్టినా ఏసుదాసు ఓర్చుకునేవాడు. ఆ మాట ఓర్చుకోలేకపోయాడు.

"షాఫ్టుది కాదప్పా తప్పు. కొలత సరిగా లేదని తెలిసే బిగించమన్నా."

"బిగించింది నేను," పుల్లమ్మ అడ్డం వచ్చింది. "నా వేలు నలిగిందని చూడలేక ఆయప్ప..."

"నువ్వుండు. నువ్వు చెప్పనే చెప్పినావు. ఇన్నేండ్లలో ఎవరి బండికీ నేనిట్ల చేయలేదు గంగాధరా."

గంగాధర వంగి పిడికెడు మన్ను తీసి నలిపి చూశాడు. విత్తడానికి కావలసిన తడి పదును ఇంకో రెండు రోజులకు మించి ఉండదు. బాడుగకు తెద్దామన్నా చుట్టూ ఎవరి ట్రాక్టరు వాళ్ల చేలోనే తిరుగుతోంది.

హిందూపురంలో లేతు పని చేసే కొండప్ప కొత్త ప్లేటు కోసి, వేరే షాఫ్టు వేసి, బండిని సరిచేసేసరికి ఎనిమిది రోజులు పట్టింది. అప్పటికి నేల ఆరిపోయింది. మళ్లీ వాన పడింది ఆగస్టులో. చెనిక్కాయకు అదను దాటింది. ఆ నాలుగెకరాల్లో గంగాధర ఉలవలు చల్లుకున్నాడు. జరిగింది ఎవరికీ చెప్పలేదు.

చెప్పింది ఏసుదాసే. పనికోసం వచ్చిన ప్రతివాడికీ తాను చేసింది చెప్పి, కొండప్ప దగ్గరికి పొమ్మనేవాడు. రాను రాను రైతులు రావడం మానేశారు. సామాన్లన్నీ కొండప్పకు ఇచ్చేశాడు. పుల్లమ్మ ఇప్పుడు హిందూపురం రోడ్డులో బట్టల కంపెనీకి పోతోంది. పొద్దున్నే అతని చొక్కా గుండీలు పెట్టి, అన్నం మూతపెట్టి, కంపెనీ బస్సు ఎక్కుతుంది. ఏసుదాసు మూసిన షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

మొన్నొకరోజు గంగాధర ట్రాలీ నిండా ఉలవ పొట్టు వేసుకుని ఆ దారిన పోతూ బండి ఆపాడు.

"ఎక్కన్నా, ఊరికి పోయొద్దాం. బండి ఎట్ల పోతాందో నువ్వే చూద్దువు."

ఏసుదాసు చేతులు రెండూ తువ్వాలు కింద దాచుకున్నాడు. ఇంజను చప్పుడు కాసేపు విన్నాడు. ఎక్కడా తేడా లేదు.

"పనుండాది గంగాధరా," అన్నాడు. "నువ్వు పో."