మా బాపును తొట్లెలో వేయమన్న రోజు

మా బాపుకు పొగరు అనేవాళ్లు మా చుట్టాల్లో ఇప్పటికీ ఉన్నారు. ఉన్నమాటే. లేదని నేనెప్పుడూ అనలేదు. ఆ పొగరే ఆయన్ను నాగలి వదిలించి, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా నడిపించి, రైలెక్కించి, ఫౌజులో చేర్పించి, ఓడమీద బస్రాకు లడాయికి పంపింది. అప్పటికి పెళ్లయి ఏడాది కాలేదు. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఆమెకు చెప్పే బయల్దేరాడట. ఆమె ఏడ్చింది, తిట్టింది, చివరికి సద్ది కట్టి ఇచ్చింది.

అక్కడ ఆయన పని గుర్రాలను చూసుకోవడం. లడాయి అయిపోయింది, పోయినవాళ్లలో బతికినవాళ్లు తిరిగొచ్చారు. బాపు రాలేదు. జ్వరంతో దవాఖానాలో పడి, లేచాక, ఇంత దూరం వచ్చినవాణ్ణి దేశం చూడకుండా పోవడమెందుకని పడవలవాళ్లతో తిరుగుతున్నాడు. జాబు రాయడానికి చదువు లేదు. ఆయన్ను డోలీలో మోసుకుపోతుంటే చూశానని, ఇక బతికి ఉండడని, తిరిగొచ్చినవాళ్లలో ఎవరో కామారెడ్డిలో చెప్పారు. ఆ మాట నమ్మి మా పెద్దబాపు, అంటే బాపు అన్న, కొన్నేళ్లు ఎదురుచూసి, గడ్డిబొమ్మను కాల్చి తమ్ముడికి దినాలు చేశాడు. గాజులు తీయమంటే అవ్వ తీయలేదు.

"పీనుగను సూపియ్యుండ్రి, తీస్త" అన్నదట.

ఆ తర్వాత ఒకనాడు పీనుగే నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

పెద్దమనుషులు సంతోషించాలి కదా? పంచాయితీ పెట్టారు. దినాలైన మనిషి లెక్కప్రకారం చచ్చినవాడేనట. మళ్లీ మనుషుల్లో కలవాలంటే మళ్లీ పుట్టాలట. తలంటు పోసి, తొట్లెలో వేసి, ఊపి, కొత్తగా పేరు పెట్టాలట. బాపు కడుపు పట్టుకుని నవ్వాడు.

"మీసాలున్నోన్ని తొట్లెల ఏస్తరా? ఏస్తే ఏసిన్రు గని, జోల ఎవలు పాడుతరు?" అన్నాడు.

ఆ నవ్వే వాళ్లకు గుచ్చుకుంది. అప్పటినుంచి శుభకార్యాల్లో ఆయన్ను ముందుకు రానిచ్చేవారు కాదు. ఆయన లెక్కచేయలేదు. మేమంతా పుట్టింది ఆ తర్వాతే.

మాకు మాత్రం ఆయన ఉంటేనే పండుగ. నిజాంసాగర్ తూములు ఎత్తారంటే చాలు, బండి కట్టి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లి నీళ్లు చూపించేవాడు. మంజీర నిండుగా పారుతుంటే అందరూ వద్దన్నా ఈదుకుంటూ పోయి, మాకోసం అవతలి ఒడ్డునుంచి సీతాఫలాలు మూటకట్టి తెచ్చాడు. అవ్వ వారం దాకా మాట్లాడలేదు, పండ్లు మాత్రం తిన్నది. పొద్దున్నే వాకిట్లో కూర్చోబెట్టుకుని నాకు జడ వేసేవాడు. దారిన పోయే మగవాళ్లు ఎగతాళి చేస్తే, "సర్కారు గుర్రాలకు అల్లిన, నా బిడ్డకు అల్లొద్దా?" అనేవాడు. ఆయన వేసిన జడ సాయంత్రం దాకా వదులయ్యేది కాదు.

నా పెళ్లి కుదిరింది. కామారెడ్డి సంబంధం. పెళ్లివారి బండ్లు తాడ్వాయిలో ఆగి, తెల్లవారాక మా ఇంటికి చేరాయి. పందిట్లో అవ్వ, బాపు పీటలమీద కూర్చున్నారు. పెళ్లికొడుకు కాళ్లు బాపు కడగాలి, అవ్వ నీళ్లు పోయాలి. ఇత్తడి పళ్లెం ఇంకా పెట్టనేలేదు, పెళ్లికొడుకు మేనమామ లేచి నిలబడ్డాడు.

"ఆగుండ్రి. ఈయనకు దినాలైనయంట గద? సచ్చినోని చేతులతోని మా పిలగాని కాళ్లు ఎట్ల కడిగిస్తం? ఈయన అన్నను కూసోబెట్టుండ్రి, లేకుంటె గిప్పుడే తొట్లె గట్టి ఆ తంతు కానియ్యుండ్రి. లేదంటరా, బండ్లు గడ్తం."

పీటలమీద పెళ్లి ఆగిపోయిన పిల్ల గతి ఏమిటో ఆ పందిట్లో అందరికీ తెలుసు. ఇంకో సంబంధం రాదు. నేను బాపు వైపు చూశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వమని మనసులో మొక్కుకున్నాను కూడా. ఆయన నన్ను చూశాడు, చాలాసేపు చూశాడు. తలకు చుట్టిన రుమాలు మెల్లగా విప్పాడు.

"తెండ్రి తొట్లె. పండుకుంట" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు ఊరంతటికీ వంగని మనిషిని నా పెళ్లి వంచుతోందని ఏడుపొచ్చింది. ఎవరో అప్పుడే చీర తెచ్చి పందిరి గుంజకు ముడివేస్తున్నారు. కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, నవ్వు ఆపుకోవడానికి.

బాపు లేవబోతే అవ్వ ఆయన భుజంమీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"నువ్వు కూసో" అని, మేనమామ వైపు తిరిగింది. "అన్నా, ఈయన సచ్చినోడే అనుకుందం. మరి గీ పిల్ల ఎవలకు పుట్టింది? దీని తమ్ములు ఎవలకు పుట్టిన్రు? నలుగుర్ల నా మొఖం జూసి చెప్పు. చెప్పి నీ బండ్లు గట్టుకో."

చీర ముడివేస్తున్న చేతులు ఆగిపోయాయి. మేనమామ పెళ్లి చేయించే అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు అక్షింతల వైపు చూశాడు. ఆ మాటకు జవాబు చెప్పాలంటే మా అవ్వను అనరాని మాట అనాలి, కోడలిగా తీసుకుపోబోతున్న నన్నూ అనాలి. అంత ధైర్యం మేనమామకు లేకపోయింది. అవ్వ మాత్రం చూపు తిప్పలేదు.

అప్పుడు మా పెద్దబాపు లేచాడు. తమ్ముడికి తన చేతులతో దినాలు చేసిన మనిషి. వచ్చి ఇత్తడి పళ్లెం ఎత్తి బాపు ముందు పెట్టాడు.

"కడుగు తమ్మీ" అన్నాడు.

పెళ్లికొడుకు తనంతట తనే పళ్లెంలో కాళ్లు పెట్టాడు. ఆ మనిషితో బతకగలననిపించింది నాకు ఆ క్షణంలోనే. బాపు వంగి కాళ్లు కడుగుతుంటే కళ్లనీళ్లు పళ్లెంలో పడ్డాయి. ఆయన ఏడవడం నేను అప్పటిదాకా చూడలేదు. అవ్వ కళ్లలో చుక్క లేదు. చెంబుతో పోస్తోంది. చెంబు అయిపోతే బిందె ఎత్తుకుంది.

"సాలమ్మా, సాలు" అన్నాడు అయ్యగారు.

పళ్లెం నిండి, నీళ్లు పీటల కిందుగా పందిట్లోకి పారాయి. మేనమామ ధోవతి ఎత్తిపట్టుకుని వెనక్కి జరిగాడు. అవ్వ పోస్తూనే ఉంది.