నోరు జారిన పూట

విజయవాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. లావైపోతానన్న భయంతో తిండి మానేసే జబ్బుతో స్రవంతి అనే కాలేజీ అమ్మాయి మా వార్డులో చేరింది. భోజనం వేళ పక్కన కూర్చుని ఆమె చేత తినిపించడం నా పని.

పదిహేను రోజులకి కాస్త తేరుకుంది. ఆ రోజు సాయంత్రం డ్యూటీకి రావలసిన నర్సు రాకపోవడంతో నేనే ఉండిపోయాను. పొద్దుటి నుంచి నిలబడి కాళ్ళు పీకేస్తున్నాయి. స్రవంతి తనంతట తానే మూడు చెంచాల పెరుగన్నం తింది. ఆ అలసటలో మా ఇంటి పిల్లతో అన్నట్టే అనేశాను.

"బుగ్గలొచ్చాయమ్మా. ఇప్పుడు బాగున్నావు."

చెంచా కింద పెట్టేసింది. "నాకు తెలుసు సిస్టర్, లావయ్యాను," అని గోడవైపు తిరిగింది.

ఒంటి గురించి మాట్లాడొద్దని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. అయినా నోరు జారాను. నాలుగు రోజులు సెలైనుతోనే గడిచాయి. ఆ నాలుగు రోజులూ నాకూ ముద్ద దిగలేదు.

అయిదో రోజు కంచం పెట్టి ఊరుకున్నాను. చాలాసేపటికి ఒక చెంచా తింది. మెచ్చుకోబోయి ఆగిపోయాను.

"పెరుగు పులిసిందా?"

"కొంచెం," అని ఇంకో చెంచా తీసుకుంది.

అప్పటి నుంచి ఎవరి ఒంటి గురించీ మాటెత్తను. పెరుగు గురించైతే ఎంతసేపైనా మాట్లాడతాను.