పెద్దమ్మ ఏరేసిన బొమ్మలు

ఇరవై మూడేళ్ల వయసులో నా దగ్గర రెండే ఉండేవి. హైదరాబాదులో బొమ్మలు నేర్చుకున్నానని చెప్పే పట్టా ఒకటి, ముక్కు మీద కోపం ఒకటి. ఊళ్లో గోడలన్నీ నా బొమ్మల కోసమే ఖాళీగా ఎదురుచూస్తున్నాయని ఆ వయసులో గట్టిగా నమ్మేదాన్ని. (గోడలకు అలాంటి ఆలోచన లేదని తర్వాత తెలిసింది.) ఆ ఎండాకాలమంతా బోధన్‌లో మా పెద్దమ్మ ఎదురుగా కూర్చుని, ఆమె బీడీలు చుడుతుంటే ఆ చేతులనే గీశాను. ఆకు కత్తిరించే చేతులు, పొగాకు నింపే చేతులు, దారం కట్టే చేతులు, మొత్తం పన్నెండు బొమ్మలు. పెద్దమ్మకు ఇదేమీ నచ్చలేదు. "ఎప్పుడు సూసినా చేతులే గీస్తవేంది బిడ్డా, నాకు మొఖం లేదా?" అనేది.

వాటిని ఫ్రేములు కట్టించి నిజామాబాద్‌లో ఒక హాలుకు తీసుకుపోయాను. అక్కడి మేనేజరు సారు ఒక్కో బొమ్మనూ కళ్లద్దాలు పైకెత్తి చూసి, దించి చూసి, చివరికి పొగాకు దగ్గర ఆగిపోయారు. పొగాకు కనబడితే కింద హానికరమని రాయాలట, పక్కన పుర్రె బొమ్మ కూడా వేస్తే ఇంకా మంచిదట. పన్నెండు బొమ్మల కింద పన్నెండు పుర్రెలు! అవి కాకుండా పోచంపాడ్ డ్యాం గేట్లెత్తిన బొమ్మ ఏదైనా ఉంటే తెమ్మన్నారు, ముందు వరుసలో పెడతామన్నారు. మీరు బతిమాలినా మీ హాలులో పెట్టనని చెప్పి వచ్చేశాను. ఆయన బతిమాలలేదన్నది వేరే సంగతి.

బస్సెక్కేసరికే నిర్ణయం అయిపోయింది. ఆ చేతులను ఆ చేతులున్న చోటే చూపిస్తాను. బోధన్‌లో పెద్దమ్మ వెళ్లే బీడీ కార్ఖానాకు పొడుగాటి వరండా ఉంది. పొద్దున్నే ఆడవాళ్లంతా చుట్టిన బీడీలు గంపల్లో తెచ్చి అక్కడ వరుసలో నిలబడతారు. టేకేదారు, అంటే బీడీలు పరీక్షించి తీసుకునే ఆయన, నచ్చనివి ఏరి మారుమాట లేకుండా పక్కన పడేస్తాడు. గంటసేపు నిలబడే ఆ ఆడవాళ్లకు చూడ్డానికి ముందున్నావిడ జడ తప్ప మరేమీ ఉండదు. ఎడపల్లి దాటేదాకా మా బస్సు ఒక చెరకు ట్రాక్టరు వెనకాలే పాకింది. దుప్పట్లో కట్టిన బొమ్మలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కోపం చల్లారడానికి కావలసినంత సమయం దొరికింది, చల్లారలేదు.

సంగతి విన్న పెద్దమ్మ భయపడింది. "నా ఇజ్జత్ తియ్యకు బిడ్డా. టేకేదారు సేటుకు కోపమొస్తే రేపటి సంది నా కట్టలన్నీ పక్కకేస్తడు, నేనేం తినాలె?" అంది. ఆమె భయంలో న్యాయముంది. నాకది వినిపించలేదు. మర్నాడు పొద్దున ఆమె ఇంటి సుత్తే తీసుకుని, ఎవరి అనుమతీ అడక్కుండా, వరండా గోడకు పన్నెండు మేకులు కొట్టి బొమ్మలు తగిలించాను. (ఈ మధ్య దీన్ని ధైర్యమని చెప్పుకుంటున్నాను. అప్పుడది వట్టి ఆలోచన లేకపోవడమే.)

ఆడవాళ్లు గంపలతో వచ్చారు, చూశారు, వరుస కట్టారు. చప్పట్ల కోసం కాకపోయినా ఒక్క మంచి మాట కోసం నిలబడ్డాను. అప్పుడు లావు అద్దాల అవ్వ ఒకామె ఒక బొమ్మ దగ్గరికి పోయి, "గీ ఆకుకు ఈనె తియ్యలె" అని దాన్ని మేకు మీంచి దించి, గోడ వైపు తిప్పి కింద పెట్టింది. ఇంకొకామె కత్తెర పట్టు చూసి, అలా పడితే బొటనవేలు తెగుతుందని మరొకటి దించింది. పొగాకు ఎక్కువైందని ఒకటి, దారం వదులుగా ఉందని ఒకటి దిగాయి. నేను వాదించడానికి నోరు తెరిచేలోపు పెద్దమ్మే ముందుకొచ్చి, నేను అన్నింటికంటే గొప్పదనుకున్న బొమ్మను దించేసింది. "గివి నా వేళ్లు కావు. నా వేళ్లు గింత నున్నగుంటయా?" అంది. నిజమే, అందం కోసం పగుళ్లన్నీ చెరిపేశాను. ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

అంతలో టేకేదారు బయటికొచ్చి, ఇదేదో ధర్నా అనుకుని ఏ యూనియన్ వాళ్లని అడిగాడు. విషయం తెలిశాక అన్నీ తీసేయమన్నాడు. ఎడపల్లి నుంచి తయారుచేసుకున్న ఉపన్యాసం నా నాలుక చివరే ఉంది. పెద్దమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. రాత్రంతా భయపడిన మనిషి, గొంతు పెంచకుండానే అడిగింది.

"సేటూ, మీరు దినాం మావి ఏరుతరు. మేమేమన్న అన్నమా? ఇయ్యాల మేం ఏరినం. పనికిరానియి కింద పెట్టినం. గోడకున్నయి మంచియి. మంచియి ఎందుకు తియ్యాలె?"

బీడీలు ఇవ్వడానికి వరుసలో ఒక్కరు కూడా గంప దించలేదు. టేకేదారు అందరి మొహాలూ చూశాడు. తర్వాత, అలవాటు కొద్దీ కాబోలు, ఒక బొమ్మ దగ్గరికి పోయి తప్పు కోసం వెతికాడు. చాలాసేపు వెతికాడు. సాయంత్రం దాకా ఉండనిమ్మన్నాడు. "రేపు గూడ ఉంటయి" అంది పెద్దమ్మ.

గోడకు సున్నం వేసేదాకా ఆ ఏడు బొమ్మలూ అక్కడే ఉన్నాయి. బొమ్మలు పెట్టిన మర్నాడే పెద్దమ్మ బీడీల్లో ఎప్పటికన్నా రెండు గుప్పిళ్లు ఎక్కువే పక్కకు పోయాయి. నేను ఏడుపు మొహం పెడితే, "పోనీ తియ్, గోడకు మనమున్నం గదా" అంది.

ఆడవాళ్లు ఆ ఐదు బొమ్మలూ దించేసిన రోజే మధ్యాహ్నం పచ్చిపులుసుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. తిన్న వెంటనే ఆమె వేళ్లను పగుళ్లతో సహా మళ్లీ గీశాను. పెద్దమ్మ దాన్ని చాలాసేపు చూసి, "గియ్యి నావే" అంది. ఇప్పుడు నా బొమ్మలు ఏసీ హాళ్లలో పెడుతున్నారు, వచ్చినవాళ్లు జ్యూస్ గ్లాసులు పట్టుకుని అద్భుతమంటున్నారు. ఎవరైనా పొరపాటున చిన్న తప్పు చూపిస్తే మాత్రం నాకు రెండు పూటలు అన్నం సహించదు. వరండాలో ఐదు బొమ్మలు పోగొట్టుకుని కడుపు నిండా తిన్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, నా మీదే.