వాకర్, టక్కర్, ఫుల్లర్, చాకలి

మొన్న కంటి పరీక్షకని కరీంనగర్ వెళ్ళి ఆసుపత్రిలో వరసలో కూర్చున్నాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి ఒక్కొక్కరినీ పూర్తి పేరుతో గట్టిగా పిలుస్తోంది. నా వంతు వచ్చేసరికి కార్డు చూసి ఒక్క క్షణం ఆగి, ఇంటిపేరు మింగేసి, ఉత్త పేరు మాత్రం గొంతు తగ్గించి పలికింది. నలుగురిలో నన్ను నొప్పించకూడదనుకుంది పాపం, మంచి పిల్ల. నేను లేచి వెళ్ళి, ఇంటిపేరుతో సహా పిలవమ్మా, ఆ ఇంటిపేరు ఇంగ్లండులో సగం దేశానికి ఉంది అన్నాను. ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు, వివరంగా చెబుదామంటే నా వెనక జనం. అక్కడ చెప్పలేకపోయినదంతా ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ లోపల గంతులేస్తూనే ఉంది. డెబ్బైల్లో, ఎనభైల్లో దుబాయ్ వెళ్ళొచ్చిన నా ఈడువాళ్ళు కొందరైనా చదువుతారని ఇలా రాయడానికి కూర్చున్నాను.

నా ఇంటిపేరు చాకలి. నిజానికి మాకు వేరే ఇంటిపేరు ఒకటి ఉండేది, పెళ్ళిళ్ళలో తప్ప దాన్ని ఎవరూ వాడేవాళ్ళు కాదు. బడిలో చేర్పించిన రోజు పంతులు మా నాయనను ఇంటిపేరు అడగనే లేదు, ఊళ్ళో అందరికీ తెలిసిన మాటే రాసుకున్నాడు. మా వైపు కుమ్మరి, కమ్మరి, మంగలి, గొల్ల, ఇలా పనులే ఇంటిపేర్లయి బడి రిజిస్టర్లలోకి ఎక్కినవాళ్ళు ఊరికి సగం మంది ఉంటారు. బడి కాగితంలో ఉన్నది పాస్‌పోర్టులోకి వచ్చింది, పాస్‌పోర్టులో ఉన్నది నాతోపాటు విమానం ఎక్కింది.

డెబ్బైల చివర్లో నేను దిగేనాటికి దుబాయ్ అంతా తవ్వకాలే. డేరాలో, ఊరిని రెండుగా చీల్చే క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డుకు దగ్గరగా, మురుగునీటి కాలువలకు నక్షాలు గీసే ఒక ఇంగ్లీషు కంపెనీలో టైపిస్టుగా, టెలిఫోను చూసేవాడిగా కుదిరాను. కిటికీలోంచి చూస్తే సరుకు దింపే పడవలు, వాటి మధ్యలోంచి మనుషుల్ని అటూ ఇటూ దాటించే అబ్రాలు, ఎప్పుడూ ఒకటే సందడి. మా ముదీర్, అంటే మేనేజరు, పేరు వాకర్. నలభై దాటిన పొడుగాటి మనిషి, ఎండకు ఎర్రగా కందిన మెడ. మొదటి రోజే నన్ను మిస్టర్ చాకలి అని పిలిచాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ మాట ముందు అరే, వెనక రా తప్ప వినని నాకు, మిస్టర్ అన్న మాట వచ్చి దాని పక్కన నిలబడితే ఒళ్ళు ఝల్లుమంది.

కానీ ఆ గౌరవం ఆఫీసు గుమ్మం దాకానే. సత్వాలో మేముండే గదిలో అందరూ మా జిల్లాల వాళ్ళే, అందులో మా ఊరి పటేలు ఒకాయన కట్టడాల దగ్గర మేస్త్రీగా ఉండేవాడు. ఊళ్ళో వాళ్ళ ఇంటి బట్టలు మా నాయనే ఉతికేవాడు. ఇక్కడ మేమిద్దరం పక్కపక్కన చాపలేసుకుని పడుకునేవాళ్ళం, ఒకే గిన్నెలోంచి పప్పు వడ్డించుకునేవాళ్ళం, అయినా శుక్రవారం వచ్చిందంటే తన బట్టల మూట తెచ్చి నా ముందు పడేసేవాడు. అరే, జర ఇయి పిండి ఆరెయ్‌రా, మీ అయ్య చేసిందే గద, అనేవాడు నవ్వుతూ. గదిలో వాళ్ళూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వినట్టే ముఖం పెట్టి ఉతికేవాణ్ణి. ఉతకడంలో నాకు నామోషీ లేదు, చేతులకు అలవాటైన పనే. ఆ నవ్వే ముల్లులా గుచ్చుకునేది.

మా ఆఫీసులో కాకినాడ నుంచి వచ్చిన అకౌంటెంటు గారొకరు ఉండేవారు, నాకంటే పదేళ్ళు పెద్ద. ఈ సంగతి ఎలాగో తెలిసి, ఇంటిపేరు మార్చేసుకోవయ్యా, మీ ఊరి పేరు పెట్టేసుకో, ఇక్కడ నిన్నెవడు అడుగుతాడని సలహా చెప్పారు. కాన్సులేటులో ఎవర్ని కలవాలో ఆయనే కనుక్కున్నారు. నేను సరేనన్నాను. ఇంకో వారం గడిస్తే ఈ కథ రాయడానికి నాకు ఆ ఇంటిపేరు ఉండేది కాదు.

సరిగ్గా ఆ చలికాలంలోనే వాకర్ గారి మేనత్త దుబాయ్ చూడటానికి వచ్చింది. ఇంగ్లండు ఉత్తరాన, ఉన్ని మిల్లుల ఊళ్ళో చాలాకాలం పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైన టీచరమ్మ, పెళ్ళి చేసుకోలేదు. తెల్లటి టోపీ పెట్టుకుని రోజూ అబ్రా ఎక్కి అటు బర్ దుబాయ్ బట్టల బజారుకు వెళ్ళడం, ఇటు వచ్చి మా ఆఫీసులో కూర్చుని నిమ్మరసం తాగడం ఆవిడ పని. ఒకరోజు నా బల్ల మీదున్న పేరు చదివి, ఈ ఇంటిపేరుకు అర్థమేమిటని అడిగింది. నేను ఏదో మా వైపు పేరండీ అని తప్పించుకోబోయాను. ఆవిడ వదల్లేదు, జీవితమంతా క్లాసులో పిల్లల చేత నిజం చెప్పించిన మనిషి. అకౌంటెంటు గారు తల దించుకుని లెక్కల్లోకి దూరిపోయారు. చివరికి నేను, ఊరి బట్టలు ఉతికేవాళ్ళం, అని చెప్పేశాను.

ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. చేతిలో గ్లాసు తొణికి నా కాగితాల మీద పడింది. "అయితే మీదీ మాదీ ఒకే ఇంటిపేరు!" అంది.

ముసలావిడకు ఎండ తగిలిందేమోనని నాకు భయం వేసింది. ఆవిడ మాత్రం పసిపిల్లలా గబగబా చెప్పుకుపోయింది. వాకర్ అంటే నడిచేవాడు కదా అని నేను అనుకున్నట్టే అందరూ అనుకుంటారట, కానీ ఆ నడక దారిమీది నడక కాదట. మగ్గం మీంచి దిగిన ఉన్ని బట్ట జల్లెడలా ఉంటుందట. దాన్ని తొట్టిలో వేసి, నీళ్ళూ ఒకరకం మట్టీ పోసి, జిడ్డు పోయి బట్ట దగ్గరపడి చిక్కబడే దాకా కాళ్ళతో తొక్కాలట. పూర్వం ఆ తొట్టిలో ఇంటింటి నుంచీ పోగేసిన ఉచ్చ కూడా పోసేవాళ్ళని ఆవిడ చెప్పినప్పుడు, పక్క గదిలోంచి వచ్చి వింటున్న వాకర్ గారు పగలబడి నవ్వారు. అలా రోజంతా బట్టను తొక్కేవాడే వాకర్. తరవాత నీటి చక్రాలతో నడిచే మిల్లులు వచ్చి మనుషుల కాళ్ళకు ఆ పని తప్పిందట, పేరు మాత్రం తరతరాలుగా వాళ్ళ పిల్లలకు అంటుకునే ఉండిపోయిందట.

మట్టి అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా నాయన కూడా వాగు ఒడ్డున చౌడు మట్టి గీకి తెచ్చి, ఆ నీళ్ళలో బట్టలు నానేసి, బానలో పెట్టి ఆవిరి పట్టించేవాడు. దాన్ని మేము ఉబ్బ వేయడం అంటాం. ఆ సంగతి చెబితే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఎక్కడి ఉన్ని మిల్లుల ఊరు, ఎక్కడి మా మానేరు వాగు!

అసలు తమాషా ఇంకా ఉంది. ఇదే పని చేసేవాళ్ళను ఇంగ్లండు ఉత్తరాన, స్కాట్లండులో వాకర్ అంటే, నైరుతి మూల డెవన్, కార్న్‌వాల్ వైపు టక్కర్ అనేవాళ్ళట. ఫ్రెంచి దొరలు వచ్చి పాతుకుపోయిన ఆగ్నేయంలో, లండన్ చుట్టుపక్కల, ఫుల్లర్ అనేవాళ్ళట. మన దగ్గర తెలుగులో చాకలి, తమిళంలో వన్నాన్, హిందీలో ధోబీ అన్నట్టే. ఆవిడ రిటైరైన తరవాత సరదా కొద్దీ ఊరూరి టెలిఫోను డైరెక్టరీలు ముందేసుకుని ఈ మూడు పేర్లూ ఎక్కడెక్కడ ఎక్కువో చూసిందట. వందల ఏళ్ళు గడిచాయి, రైళ్ళు వచ్చాయి, యుద్ధాలు జరిగాయి, అయినా వాకర్లు చాలామంది ఉత్తరానే, టక్కర్లు నైరుతిలోనే, ఫుల్లర్లు ఆగ్నేయంలోనే ఉన్నారట. వాకర్లైతే వాళ్ళ ఊళ్ళో వీధికొక ఇల్లట, ఎందుకంటే ఉన్ని నేసే ప్రతి ఊరికీ తొక్కేవాడొకడు కావలసిందే కదా.

ఇంత చెప్పాక ఆవిడకు ఒక కోరిక పుట్టింది. దుబాయ్‌లో ఒక టక్కర్‌నూ, ఒక ఫుల్లర్‌నూ పట్టుకోవాలి, అందర్నీ ఒక్కచోట కూర్చోబెట్టాలి. వాకర్ గారు నా వైపు చూసి, యల్లా, కానివ్వండి మిస్టర్ చాకలి, టెలిఫోను మీ చేతిలో ఉంది అన్నారు.

అంత ఉత్సాహంగా నేను ఎప్పుడూ పని చేయలేదు. ఊళ్ళో ఏ కంపెనీలో చూసినా ఫోను దగ్గర కూర్చునేవాళ్ళు మలయాళీలో, గోవావాళ్ళో, హైదరాబాదీలో. ముఖాలు తెలియకపోయినా గొంతులన్నీ నాకు స్నేహితులే. ఒకరికి చెబితే వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. చిక్కేమిటంటే టక్కర్ అని అడిగినప్పుడల్లా వాళ్ళు నన్ను తీసుకెళ్ళి బర్ దుబాయ్‌లోని గుజరాతీ ఠక్కర్ సేఠ్‌ల దుకాణాలకు కలిపేవాళ్ళు. ఒక సేఠ్ అయితే ఎన్ని తాన్ల గుడ్డ కావాలో చెప్పేదాకా ఫోను పెట్టనివ్వలేదు. చివరికి అసలు టక్కర్ రేవులో దొరికాడు, క్రీక్‌లో ఇసుక తోడే ఓడ మీద పనిచేసే ముసలాయన. ఫుల్లర్ ఆసుపత్రిలో నర్సు, పాతికేళ్ళ అమ్మాయి. మీ ఇంటిపేరు గురించి మాట్లాడాలి అంటే, ఎవరికైనా ఏమైనా అయిందా అని కంగారు పడింది.

ఆ శుక్రవారం జుమేరాలో వాకర్ గారి ఇంటి పెరట్లో అందరం కలిశాం. నేను అకౌంటెంటు గారిని తోడు తీసుకెళ్ళాను, ఒక్కణ్ణే వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. టక్కర్ ముసలాయన, మేనత్త గారు అనుకున్నట్టే, డెవన్ మనిషి. ఫుల్లర్ అమ్మాయి తాతలది లండన్‌కు దక్షిణాన పల్లెటూరు. ఒక్కొక్కరు చెబుతుంటే మేనత్త గారు చప్పట్లు కొట్టింది. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న గొంగడి పట్టుకెళ్ళాను, ఉన్ని బట్టే కదా, తొక్కి చూద్దాం అన్నాను. పెద్ద రేకు తొట్టి తెచ్చారు, వేడినీళ్ళు పోశారు, సబ్బు కలిపారు. ఆవిడ మేజోళ్ళు విప్పి అందరికంటే ముందు దిగింది. తరవాత వాకర్ గారు, టక్కర్ ముసలాయన, నర్సమ్మ, నేను, ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని తొక్కడం. అడుగు కలవక ఒకరి కాళ్ళమీద ఒకరం పడుతుంటే, మా నాయన బండ మీద బట్ట కొట్టేటప్పుడు తీసే ఊపిరి చప్పుడు, ఉస్సు, ఉస్సు అని, నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. అందరి అడుగులూ దానికి కలిశాయి. ముగ్గురు తెల్లవాళ్ళూ, వాళ్ళ ముసలి టీచరమ్మా, ఉస్సు ఉస్సు అంటూ నా లెక్కకు తొక్కుతున్నారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సబ్బు పడిందని చెప్పాను.

అకౌంటెంటు గారు అంతసేపూ గోడ పక్కనే నిలబడి చూశారు. చివరికి బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, జరగవయ్యా కాస్త, అంటూ తొట్టిలోకి వచ్చారు. బయటికి తీసేసరికి నా గొంగడి కుంచించుకుపోయి అట్టలా బిగిసిపోయింది. కప్పుకుంటే మోకాళ్ళ దాకా కూడా రాదు. మేనత్త గారు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, ఒక్క కన్నం కూడా కనబడటం లేదు, మంచి పనివాళ్ళం అంది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో అకౌంటెంటు గారితో ఇంటిపేరు మార్పు వద్దన్నాను. ఆయన మంచిదయ్యా అన్నారు.

మరుసటి శుక్రవారం పటేలు మామూలుగానే మూట తెచ్చి నా ముందు పడేశాడు. నేను దాన్ని రెండు చేతులతో తీసి ఆయన చాప మీద పెట్టాను. "పటేలా, చాకలి నా ఇంటిపేరు. నా పని టైపింగు. మీ బట్టలు మీరే పిండుకోండ్రి" అన్నాను. గదిలో ఎవరూ నవ్వలేదు. పటేలు నన్ను ఎగాదిగా చూసి, ఇంగ్లీషోల్లు నీకు మస్తు నేర్పిన్రురా అని మూట తీసుకుని వీధి చివర పఠాన్ నడిపే లాండ్రీ దుకాణానికి పోయాడు. కొన్నాళ్ళు మాటల్లేవు. ఎండాకాలంలో సైటు మీద ఆయనకు వడదెబ్బ తగిలితే టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనే, అక్కడ సెలైన్ పెట్టింది ఫుల్లర్ అమ్మాయే. ఆ తరవాత ఆయన నన్ను రా అనడం మానలేదు గానీ, మూట తేవడం మాత్రం ఖలాస్.

ఎనభైల మధ్యలో పనులు తగ్గి మా ఆఫీసు మూసేశారు. వాకర్ గారు స్వదేశం వెళ్ళిపోయారు, అంతకు ముందు ఏడాదే మేనత్త గారు పోయారు. టక్కర్ ముసలాయన ఓడతో పాటు ఏ రేవుకు పోయాడో తెలియదు. నేనూ వచ్చేశాను. ఇప్పుడు మా వాగులో నీళ్ళూ లేవు, ఉబ్బ వేసే బానలూ లేవు, ఇంటింటికీ మిషన్లే. నా కొడుకులు తమ పిల్లలను బడిలో వేసేటప్పుడు ఇంటిపేరు చోట ఒక్క అక్షరం రాయించి చుక్క పెట్టారు. నన్ను అడగలేదు, నేనూ తప్పు పట్టలేదు, వాళ్ళు ఏమేమి విన్నారో నాకు తెలుసు.

ఒక్కొక్కప్పుడు అనిపిస్తుంది, వాకర్లకు వందల ఏళ్ళు దొరికాయి, ఆ తొట్టినీ, ఆ వాసననూ, దాన్ని చూసి ముక్కు మూసుకున్నవాళ్ళనూ అందరూ మరిచిపోవడానికి. మాకు పని పోయి ఒక్క తరమే అయింది. ఎప్పుడో ఒకరోజు మా ఊళ్ళోనూ ఏ పిల్లో చాకలి అంటే అర్థమేమిటి తాతా అని నిజంగానే తెలియక అడుగుతుంది. చెప్పడానికి అప్పటికి నేను ఉండను. ఉంటే ఎంత సంబరంగా చెప్పేవాణ్ణో.